బందరమ్మగారి ముక్కాలిపీట

ఆదివారం చర్చిలో ఆరాధన కాగానే నాంపల్లి నుంచి అబిడ్స్ దాకా నడిచి రావడం నాకు ఎన్నాళ్ళుగానో అలవాటు. ఆ రోజు దుకాణాల షట్టర్లన్నీ దించి ఉంటాయి. వాటి ముందు కాలిబాట పొడవునా పాత పుస్తకాలు పరుచుకుని ఉంటాయి. నేను పుస్తకాలు కొనేదాన్ని కాదు, నాలుగో తరగతి దాటనిదాన్ని. అట్టల రంగులు చూసుకుంటూ నడుస్తాను. మొన్నటి ఆదివారం సన్నగా తుంపర మొదలైంది. పుస్తకాలు తడుస్తాయని ఒకాయన పాత దుప్పటి అంచును పళ్ళతో కొరికి, రెండు చేతులా పట్టి లాగాడు. పర్రుమని అది నిలువునా చిరిగింది. నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. చెవిలోకి పోయిన ఆ చప్పుడు ముక్కులో కొత్త గుడ్డ గంజి వాసనై లేచింది. తలెత్తి చూస్తే ఆయన వెనకాల ఉన్న షట్టరు మాదే. అంటే, ఒకప్పుడు మాది. ఇప్పుడు అక్కడ సెల్‌ఫోన్ తొడుగులు అమ్ముతున్నారు. ఆ గుమ్మంలో, వాన చినుకులు పడీ పడనట్టు పడే చోట, ముక్కాలిపీట మీద ఒకావిడ కూర్చుని, కళ్ళద్దాలు ముక్కు కొసకి జార్చుకుని, గుడ్డముక్కను వెలుతురుకి ఎత్తి చూస్తున్నట్టే అనిపించింది.

ఆవిడ పేరు వరలక్ష్మి. ఆ వీధిలో అందరికీ బందరమ్మ. రెండు ప్రాంతాలు కలిసి ఒక రాష్ట్రమైన కొత్తలో భర్తకు ఇక్కడి ఆఫీసుకు బదిలీ అయితే బందరు నుంచి వచ్చారట. ఆయన పోయాక ఆవిడ ఈ మ్యాచింగ్ సెంటర్ పెట్టుకున్నారు. చీర పట్టుకుని వెళితే దానికి తగిన జాకెట్టు గుడ్డ, లంగా గుడ్డ వెతికి ఇచ్చే దుకాణం. నేల నుంచి కప్పు దాకా అరలు, అరల నిండా గుడ్డ తానులు. ఎరుపులే ఒక గోడంతా ఉండేవి. బయట మబ్బు పట్టిన రోజున కూడా లోపలికి అడుగు పెడితే ఏదో పండగ మధ్యాహ్నంలోకి వచ్చినట్టుండేది. గుడ్డకు కత్తెరతో చిన్న గాటు పెట్టి పర్రుమని చింపేవారు. ఇప్పటికీ నా కలల్లో ఆ చప్పుడు వినిపిస్తే ఏదో ఒక రంగు కనిపిస్తుంది.

నేను అక్కడికి ఊడవడానికి వచ్చాను. మాది మెదక్ దగ్గర పల్లె. పెళ్ళయి నాంపల్లికి వచ్చి, నాలుగిళ్ళలో అంట్లు తోముతుండేదాన్ని. మా ఆయన స్టేషన్లో పార్సిళ్ళు మోసేవాడు. దుకాణంలో గుడ్డలు అమ్మడానికి రజిత ఉండేది. నాకంటే నాలుగేళ్ళు చిన్నది, పదో తరగతి పాసయింది. తాను చివర అంటించిన చీటీ మీద నంబరు చదివి టక్కున తీసేది. ఒకసారి బందరమ్మగారు నన్ను కూడా అమ్మే పనిలో పెట్టి చూశారు. ఆవిడ ఒక నంబరు చెబితే నేను ఇంకో నంబరు తాను మోసుకొచ్చాను. రజిత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఎస్తేరక్కా, నీ మాట చీపురే మంచిగ వింటది పో" అంది. అందరితో పాటు నేనూ నవ్వాను. తర్వాత వెనక గదిలో బకెట్టు కడుగుతూ ఆ నవ్వును చాలాసేపు కడుక్కున్నాను.

ఆ వారంలోనే ఒకావిడ వచ్చింది. కిందటి నెల ఒక చీర కట్టుకొచ్చి దానికి జాకెట్టు గుడ్డ తీసుకుందట, సరిగ్గా అదే గుడ్డ ఇంకొకటి కావాలట. చీర మాత్రం తేలేదు. "నంబర్ గుర్తున్నదా ఆంటీ?" అంది రజిత. ఆవిడకి గుర్తు లేదు. నేను మూలన నిలబడి, అడగకపోయినా నోరు జారాను. "ఉల్లిగడ్డ పైపొర తీసినంక లోపల లేతగ ఉంటది సూడు, గా రంగు రజితా. కిందికెళ్ళి మూడో అర, ఎడమ దిక్కు." రజిత నన్ను ఎగాదిగా చూసి, తీసింది. "ఇదేనమ్మా, ఇదే!" అంది ఆవిడ. ఆవిడ వెళ్ళాక బందరమ్మగారు నన్ను దగ్గరికి పిలిచారు.

"ఎస్తేరూ, ఆవిడ కిందటి నెల వచ్చినప్పుడు నువ్వేం చేస్తున్నావే?"

"బండలు తుడుస్తున్నమ్మా."

"మరి చీర ఎప్పుడు చూశావు?"

"ఆమె పోతుంటే కుచ్చిళ్ళు నా బకెట్ మీదికెళ్ళి పోయినయి."

ఆవిడ కళ్ళద్దాల పైనుంచి నన్ను చూశారు, తానును చూసినట్టే. మర్నాడు పొద్దున్నే ఒక గుడ్డముక్క నా ముందు పరిచి, "బాగా చూసుకో" అన్నారు. మామిడిచిగురు రంగు. చిగురు కూడా కాదు, చిగురు ముదిరి ఆకు కాబోయే ముందు ఒక్కరోజు ఉంటుంది చూడండి, ఆ రంగు. చూడగానే ముక్కను మడిచి తన చేతిసంచిలో వేసుకున్నారు. "కోఠీలో మనకి గుడ్డలిచ్చే టోకు దుకాణం తెలుసుగా? వెళ్ళి ఇదే రంగు తీసుకురా." ముక్క ఇమ్మని చెయ్యి చాచాను. "ముక్క దేనికి? కంట్లో పెట్టుకుని పో" అన్నారు.

అబిడ్స్ నుంచి కోఠీ దాకా ఆ నడక ఈ రోజుకీ నాకు నిన్నటిలా ఉంది. నిండుకుండ నెత్తిన పెట్టుకున్నట్టు నడిచాను. ఎర్ర బస్సు ఎదురొస్తే తల తిప్పుకున్నాను. బంతిపూల గంప కనబడితే కళ్ళు దించుకున్నాను. ఆటో పసుపు నా చిగురు మీద పడుతుందేమోనని భయం. కాలేజీ ఆడపిల్లలు గుంపుగా రంగురంగుల ఓణీలతో ఎదురైతే గోడ వైపు తిరిగి నిలబడ్డాను. ఎవరో "పాపం, కళ్ళు తిరిగినట్టున్నయి, నీళ్ళియ్యండి" అన్నారు. టోకు దుకాణంలో ఆయన పచ్చలన్నీ గుట్టగా పోస్తే, నేను ఒక్కో దాన్నీ చూసి కాదు, కాదు అంటూ పోయాను. ఇంక చాలు వెళ్ళమ్మా అని ఆయన విసుక్కునే వేళకి అది దొరికింది. తెచ్చి ఇస్తే బందరమ్మగారు ముక్కను దాని మీద పరిచారు. ముక్క కనబడకుండా పోయింది. వేలితో తడిమి వెతుక్కోవలసి వచ్చింది. రజిత దగ్గరికొచ్చి, "అమ్మో!" అంది.

బందరమ్మగారు నెమ్మదిగా అన్నారు. "చదువు రాదు, చదువు రాదు అని వచ్చిన రోజు నుంచీ చెబుతున్నావు. వచ్చిందేమిటో ఒక్కసారైనా చెప్పావుటే?"

నాకు వచ్చిందని నాకే తెలియదు, ఏమని చెప్పను? రంగు గుర్తుండడం అందరికీ ఉండేదే అనుకున్నాను, అన్నం తింటే అరిగినట్టు. అరగని వాళ్ళుంటారని ఆ రోజే తెలిసింది. ఆ తర్వాత ఆవిడ నాకు నంబర్లు నేర్పాలని చూడలేదు. తానులకు నేను ఏ పేరు పెడితే ఆ పేరు చీటీ మీద తెలుగులో, పెద్ద అక్షరాలతో రాసి నంబరు పక్కన అంటించేవారు. ఉల్లి లోపొర. తడిసిన ఇటుక. పగిలిన దొండపండు. పాలుపట్టిన జొన్న. కొన్నాళ్ళకి చీటీలు చదువుకుంటూ చదువుకుంటూ నా చదువు కూడా కొంత ముందుకు జరిగింది. రజిత మొదట మూతి ముడిచింది. తర్వాత తనే కొనేవాళ్ళతో, "నంబర్ కాదాంటీ, పేరుతోని అడగండ్రి, జల్ది దొరుకుతది" అనసాగింది.

అలాగని ముద్దు చేసేవారు కాదు. కన్ను ఉంటే చాలదు, కన్నుకి బుద్ధి కూడా ఉండాలనేవారు. ఏ గుడ్డయినా లోపల చూసి ఒప్పుకోకూడదు, గుమ్మం దాటించి పగటి వెలుతురులో చూడాలి. అందుకే ఆ ముక్కాలిపీట గుమ్మంలో ఉండేది, దుకాణం వెలుతురు ముగిసి వీధి వెలుతురు మొదలయ్యే గీత మీద. తొందరపడే కొత్త పెళ్ళికూతుళ్ళతో అనేవారు. "ట్యూబులైటు కింద చూసిన రంగూ, పెళ్ళిచూపుల్లో చూసిన పెళ్ళికొడుకూ ఒకటేనమ్మా. ఇద్దర్నీ ఒకసారి ఎండలోకి తీసుకొచ్చి చూసుకోవాలి." ఆ పీట మీద ఆవిడ తప్ప ఎవరూ కూర్చునేవారు కాదు. కలిసింది, కలవలేదు అన్న మాట అక్కడి నుంచే రావాలి.

అన్నిటికంటే కష్టం తెలుపు. ఎరుపులో చిన్న తేడా వస్తే పక్కనున్న జరీ దాచేస్తుంది, తెలుపులో తేడాని దాచేవాళ్ళు లేరు. పాల తెలుపు, మీగడ తెలుపు, ముగ్గు తెలుపు, మల్లె తెలుపు, వెన్నెల తెలుపు. కొన్ని పసుపు వైపు ఒరుగుతాయి, కొన్ని నీలం వైపు. మా వాళ్ళ పెళ్ళిళ్ళలో పెళ్ళికూతురికి తెల్లచీరే కాబట్టి సికింద్రాబాద్ నుంచి కూడా తెలుపు కోసం బందరమ్మగారిని వెతుక్కుంటూ వచ్చేవారు. ఆవిడ చూపిస్తే నేను నేర్చుకున్నాను. మధ్యాహ్నం జనం పలచబడ్డాక గుమ్మంలో తెలుపులన్నీ వరసగా పరుచుకుని ఇద్దరం చూస్తూ కూర్చునేవాళ్ళం. నేను కింద, ఆవిడ పీట మీద. ఆ తెల్లని మధ్యాహ్నాలు తలచుకుంటే పొద్దున పొగమంచులో నడుస్తున్నట్టుంటుంది.

ఆ తర్వాత కొన్నేళ్ళకి, ఒక వినాయక చవితి వెళ్ళినప్పటి నుంచి, ఆవిడ గుమ్మంలో ఎక్కువసేపు కూర్చోసాగారు. అద్దాలు మాటిమాటికీ కొంగుతో తుడిచేవారు. "ఈ మధ్య వెలుతురే నాసిరకంగా వస్తోందే" అని నవ్వేవారు. మీగడను పాలు అన్నారు ఒకసారి. నేను నోరెత్తలేదు. చప్పుడు కాకుండా సరైన తాను తెచ్చి కింద పెట్టేదాన్ని.

అలాంటప్పుడు వచ్చారు సరోజినమ్మగారు, కూతురు హెప్సిబాను వెంటబెట్టుకుని. గురువారం పెళ్ళి. సోమవారం వచ్చారు, ముసురు పట్టి ఉంది. చీర తెల్లపట్టు, వెండి జరీ. అచ్చంగా వెన్నెల. బందరమ్మగారు పీట మీద కూర్చుని నాలుగు తానులు మార్చి మార్చి చూసి, ఒకటి తేల్చారు. అది మీగడ. అంతలో ఆవిడే నా వైపు తిరిగి, "ఏం ఎస్తేరూ, బాగుందా?" అన్నారు. ఎప్పుడూ అడగనిది, ఆ రోజు అడిగారు.

"మంచిగున్నదమ్మా" అన్నాను.

పర్రుమని గుడ్డ చిరిగింది. ఆ ఒక్కసారి ఆ చప్పుడు నా ఒంట్లోంచి వచ్చినట్టయింది.

మంగళవారమంతా అదే ఆలోచన. ఆ పిల్ల జీవితంలో ఒక్కసారి కట్టుకునే చీర. చెబితే బందరమ్మగారి పేరు పోతుంది, నా పని కూడా పోతుందేమో. చెప్పకపోతే పదిమంది ముందు పెళ్ళి వేదిక దగ్గర ఆ పిల్ల జాకెట్టు మాసిపోయినట్టు కనిపిస్తుంది. బుధవారం మధ్యాహ్నం ఎండ కాసింది. నాంపల్లిలో మా దుకాణంలో కొన్న గుడ్డలు కుట్టే హనీఫ్ భాయ్ కొట్టు ముందు తీగ మీద ఆ జాకెట్టూ, ఫాల్ కుట్టిన చీరా పక్కపక్కన వేలాడుతున్నాయి. వెన్నెల పక్కన వెన్నపూస. "భాయ్, గిది కలిసిందా నీకు?" అన్నాను. "అరె ఎస్తేరమ్మా, నాకేం ఎరక? గుడ్డ ఇచ్చిన్రు, కుట్టిన. రంగు పరేషాన్ మీది" అన్నాడు. అతని దగ్గర కత్తిరింపు ముక్క ఒకటి అడిగి తీసుకున్నాను. దుకాణానికి పోయి వెన్నెల తానులోంచి ఒక ముక్క చింపుకున్నాను. రెండూ కొంగున ముడివేసుకుని, భోజనానికి వెళ్ళిన బందరమ్మగారి ఇంటికి పోయాను. స్టేషన్ వెనకాల మేడ మీద ఇల్లు. ఆవిడ డాబా మీద ఉన్నారు.

"అమ్మా, హెప్సిబా జాకెట్ కలువలే."

"సోమవారం అడిగితే బాగుందన్నావుగా?"

"అబద్ధం చెప్పిన."

ఆవిడ ముఖం ఎర్రబడింది. "ఇన్నేళ్ళుగా తెలుపు చూస్తున్నానే నేను. నిన్నగాక మొన్న చీపురు పక్కన పెట్టావు, అప్పుడే నా కన్నుకి వంక పెట్టేంతదానివయ్యావా?"

నా పని అక్కడితో అయిపోయిందనుకున్నాను. మళ్ళీ నాలుగిళ్ళ అంట్లు కళ్ళ ముందు తిరిగాయి. అయినా వెనక్కి రాలేదు. కొంగుముడి విప్పి రెండు ముక్కలూ ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ అవి పట్టుకుని, నాకు వీపు చూపించి, ఎండకి ఎదురుగా చాలాసేపు నిలబడ్డారు. కింద రైలు ఒకటి వచ్చి ఆగింది, జనం దిగారు, రైలు కదిలింది. ఆవిడ అలాగే ఉన్నారు. తర్వాత ఒక ముక్క మూలన చిన్న ముడి వేసి, ముడి కనబడకుండా గుప్పిట్లో పెట్టుకుని, నా వైపు తిరిగారు. రెండు చేతుల్లోనూ అంచులు మాత్రమే బయటికి ఉన్నాయి.

"ఏ చేతిలో ఏది?"

"కుడిచేతిల ఉన్నది మీరిచ్చింది. ఎడమ చేతిలది చీరకు కలిసేది."

వీపు తిప్పుకున్నారు. మళ్ళీ చూపించారు. మళ్ళీ చెప్పాను. మూడోసారి చేతులు మార్చనే లేదు. "మార్చలేదమ్మా" అన్నాను. ఆవిడ పిట్టగోడ మీద కూలబడ్డారు. గుప్పిట విప్పి, ముడిని బొటనవేలితో రాస్తూ అన్నారు. "నాకు రెండూ ఒకటేనే ఎస్తేరూ. వేళ్ళకి ముడి తెలుస్తోంది గాని, కంటికి ఏమీ తెలియడం లేదు."

నేను ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు. "ఎన్నాళ్ళుగా తెలుసు నీకు?"

"చవితి కాడికెళ్ళి."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"మీ కన్నే గదమ్మా నాకు నేర్పింది. దానికే ఎట్ల వంక పెట్టాలె?"

"నా కన్ను చూసి నేర్చుకోమన్నాను గాని, దానికి దణ్ణం పెట్టుకుని కూర్చోమన్నానుటే?" అని విసురుగా లేచి చెప్పులు వేసుకున్నారు. "దేవుడు నీకు కళ్ళిచ్చాడు, వాటి కిందే నోరూ ఇచ్చాడు. ఇంత దగ్గరగా ఎందుకు పెట్టాడనుకున్నావు? పద, హనీఫ్ దగ్గరికి."

హనీఫ్ భాయ్ నెత్తి కొట్టుకున్నాడు. "రేపు పొద్దున షాదీ, గిప్పుడు చెప్తున్రా అమ్మా?" అంటూనే చేతిలో ఉన్న పని పక్కన పడేసి మిషన్ ఎక్కాడు. పొద్దు వాలేలోపు జాకెట్టు అయింది. నన్నొక్కదాన్నే పంపించవచ్చు, కాని ఆవిడ కూడా బస్సెక్కి సికింద్రాబాద్‌లో పెళ్ళివారింటికి వచ్చారు. సరోజినమ్మగారు గుమ్మంలోనే కంగారుపడి, "అయ్యో, మాకసలు తేడా తెలియనే లేదండీ. హడావుడిలో జాకెట్టు ఎవరు చూస్తారు?" అన్నారు.

"నేను చూస్తాను" అన్నారు బందరమ్మగారు. "అంటే, ఈ పిల్ల చూస్తుంది. పొరపాటు నాది, పట్టుకున్నది ఇది" అని నా భుజం మీద చెయ్యి వేశారు.

పెళ్ళికి ఇద్దరం వెళ్ళాం. ఆవిడ చివరి బెంచీలో నా పక్కన ముడుచుకుని కూర్చున్నారు. పెద్ద కిటికీల్లోంచి పదిగంటల ఎండ నేల మీద పరుచుకుని ఉంది. హెప్సిబా తండ్రి చెయ్యి పట్టుకుని ఆ వెలుతురులోంచి నడిచి వస్తుంటే చీర ఎక్కడ ముగిసిందో జాకెట్టు ఎక్కడ మొదలైందో తెలియలేదు. పాట మొదలైంది, అందరం లేచి నిలబడ్డాం. బందరమ్మగారు నా చెవి దగ్గర గుసగుసగా అడిగారు.

"చెప్పవే, కలిసిందా?"

"కలిసిందమ్మా."

"ఈసారి నిజమేనా?"

పాట మధ్యలో నవ్వు ఆపుకోలేక ఇద్దరం కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నాం. ముందు బెంచీ ఆవిడ వెనక్కి తిరిగి ఉరిమి చూసింది.

మర్నాడు దుకాణంలో ఆవిడ ముక్కాలిపీటను కాలితో నా వైపు తోశారు. "కూర్చో" అన్నారు. నేను కూర్చోలేకపోయాను. రజితే వచ్చి భుజాలు పట్టి కూర్చోబెట్టింది. "కూసో అక్కా. చీపురు కంటే పీటే నీ మాట మంచిగ వింటదేమో." రెండు నెలల తర్వాత బందరమ్మగారికి శుక్లాల ఆపరేషన్ అయింది. ఆవిడ దుకాణానికి తిరిగి వచ్చిన రోజు మరిచిపోలేను. తెలుపుల అరల ముందు నిలబడి, చిన్నపిల్లలా ఒక్కో తానునూ తాకి చూశారు. "ఇంత తెలుపుటే ఇవి! ఇన్నాళ్ళూ పసుపునీళ్ళలోంచి చూశానన్నమాట. ఆ పిల్లకి మీగడ తగిలించబోయానే తల్లీ!" అని ఒకటే నవ్వు. నేను గబుక్కున పీట మీంచి లేచాను. ఆవిడ నా భుజం నొక్కి మళ్ళీ కూర్చోబెట్టారు.

"మీ కండ్లు వచ్చినయి గదమ్మా" అన్నాను.

"వచ్చాయి. అందుకే కనిపిస్తోంది, ఆ పీట ఎవరిదో" అని లోపలికి వెళ్ళి, మామూలు కుర్చీలో కూర్చున్నారు.

ఆవిడ పోయి చాలా కాలమైంది. ఆ దుకాణం చేతులు మారింది. ముక్కాలిపీట నాతో వచ్చింది. నేనూ రజితా కలిసి నాంపల్లిలో చిన్న మ్యాచింగ్ సెంటర్ నడుపుతున్నాం. కొనేవాళ్ళతో మాటలూ, నంబర్లూ, ఫోన్లూ రజితవి. ఆ పనుల్లో దాన్ని మించినవాళ్ళు లేరు. రంగులు నావి. ఇప్పుడు చాలామంది ఫోన్లో చీర ఫోటో పంపి, దీనికి గుడ్డ తీసి ఉంచండి అంటారు. ఫోన్లో రంగు పెళ్ళిచూపుల రంగేనమ్మా, చీరే పట్టుకురండి అంటాను.

నాకూ ఇప్పుడు వయసు మీద పడుతోంది. బందరమ్మగారి కళ్ళకు ఆ పసుపు పట్టిన వయసు ఇక ఎంతో దూరం లేదు. అందుకని ప్రతి నెలా మొదటి రోజున, దుకాణం తీయగానే, గుమ్మంలో పీట మీద కూర్చుని రజితకు రెండు తెల్లముక్కలు ఇస్తాను. అది వీపు తిప్పుకుని, ఒకదానికి మూలన ముడి వేసి, గుప్పిళ్ళు మూసుకుని తిరుగుతుంది. "ఏ చేతిల ఏదే అక్కా?" నేను చెబుతాను. మూడుసార్లు. తప్పిన రోజున దాచకుండా చెబుతానని దానితో ఒట్టు వేయించుకున్నాను. ఆ రోజు పీట ఖాళీ చేయాలి, ఎవరి కన్నుకి అది తగునో వెతకాలి.

ఈ నెల మొదటి రోజున, మూడోసారి చెప్పాక, రజిత గుప్పిళ్ళు విప్పకుండా వాటి వైపే చూసుకుంది. వీధిలో ఎండ నిదానంగా గుమ్మం దాకా వచ్చి నా పాదాల మీద పడింది. "కరెక్టే అక్కా" అంది చివరికి.

నేను దాని కళ్ళలోకి చూశాను. "ఈసారి నిజమేనా?"

రజిత నవ్వి, గుప్పిట విప్పి, ముడి చూపించింది.